పర్సులో పటం వెనుక

ఒసియెల్ నన్ను జీవశాస్త్రం చెప్పమని పిలిచాడు. నా కొడుకు లియాంద్రోతో కాలేజీలో ఒకే గదిలో ఉన్నవాడతను. ప్రతి గురువారం మధ్యాహ్నం మన లరేడో ఊరి నుంచి ఆ కాలేజీకి వచ్చిన కుర్రాళ్లను కూర్చోబెట్టి సుఖవ్యాధుల గురించి, కండోమ్‌ల గురించి చెబుతాడు.

"నేను చెబితే నవ్వుతారు మాస్టారూ. మీరైతే వింటారు," అన్నాడు.

వాళ్లలో సగంమంది బడిలో నా దగ్గర చదివినవాళ్లే. ఇరవై రెండేళ్లుగా, పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా "ఇంటి దగ్గర చదువుకోండి" అని నేను పేజీలు తిప్పేసిన సంగతి ఎవరూ ఎత్తలేదు.

బల్ల మీద పచ్చి అరటికాయలు, కండోమ్ పొట్లాలు పెట్టారు.

"మెల్లగా తొడగరా ఎఫ్రాయిన్, కాయ బెదిరిపోతుంది!" అన్నాడొకడు.

"నీకెందుకురా అంత కుళ్లు?"

"సరే, ఎవరి పర్సులో కండోమ్ ఉంది? తియ్యండి," అన్నాడు ఒసియెల్.

ఎఫ్రాయిన్ పర్సు తెరిచి, కష్టకాలంలో మొక్కుకునే పునీత యూదా చిన్న పటం వెనుక నుంచి ఒక పొట్లం లాగాడు. రేకు నలిగిపోయి, లోపలి గుండ్రటి ఆకారం పైకి అచ్చుపడింది.

"కాలేజీకి వచ్చేటప్పుడు మా నాన్న ఇచ్చాడు. పటం వెనకాల పెట్టుకోమన్నాడు. అంతే."

"మూడేళ్లుగా దీని మీదే కూర్చుంటున్నావా? ఇది కండోమ్ కాదురా, అణిగిపోయిన టోర్టిల్లా రొట్టె!" అన్నాడు పక్కవాడు.

గది ఘొల్లుమంది. వేడికీ రాపిడికీ అది చిరుగుతుందని, పర్సులో దాచకూడదని ఒసియెల్ చెబుతున్నాడు. నేను తలెత్తలేకపోయాను. నేనూ లియాంద్రోకు అలాగే ఇచ్చాను, కారులో, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "జాగ్రత్త" అన్నాను. ఆసుపత్రివాళ్లు తిరిగిచ్చిన పర్సులో, పటం వెనుక, అది విప్పకుండా అలాగే ఉంది.

"మాస్టారూ," అన్నాడు ఎఫ్రాయిన్, నవ్వు ఆపుకుంటూనే. "లియాంద్రో అన్న న్యుమోనియాతో పోయాడని మీ ఇంట్లో తొమ్మిది రోజుల జపమాల ప్రార్థనలప్పుడు మా అమ్మ విన్నదట. అంత ఆట ఆడే మనిషిని న్యుమోనియా చంపుతుందా?"

ఒసియెల్ నేలకేసి చూశాడు. పద్నాలుగు నెలలుగా అతను నా అబద్ధాన్ని కాపాడుతున్నాడు. ఆ తొమ్మిది రోజులూ వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పింది నేనే. ఇప్పుడు "అవును" అంటే సరిపోయేది. కానీ ఎఫ్రాయిన్ ఆ పొట్లాన్ని మళ్లీ పటం వెనుకకు దోపుతున్నాడు.

"న్యుమోనియా చివర్లో వచ్చింది," అన్నాను. "అంతకుముందే హెచ్ఐవీ ఉంది. ముందుగా పరీక్ష చేయించుకుని మందులు వాడి ఉంటే బతికేవాడు. ఆ జబ్బు పేరు మా ఇంట్లో పలకనివ్వలేదు నేను."

పొట్లం సగం దోపి ఎఫ్రాయిన్ ఆగాడు.

"అన్న మీకేమీ చెప్పలేదా?" అన్నాడు.

"ఒకసారి ఫోన్ చేశాడు. 'నాన్నా, నిన్నొకటి అడగాలి' అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు భయం వేసింది. 'మీ అమ్మ ఉంది, మాట్లాడు' అని ఫోన్ ఆమెకు ఇచ్చేశాను."

"అమ్మను అడిగాడా?"

"బీన్స్ ఎంతసేపు ఉడకాలో అడిగాడు."

ఎఫ్రాయిన్ ఆ పాత పొట్లాన్ని బల్ల మీద పెట్టేశాడు. ఒసియెల్ ఒక అరటికాయను, కొత్త పొట్లాన్ని నా ముందుకు జరిపాడు. నా చెవులు కాలిపోతున్నాయి. పొట్లం చేతిలోకి తీసుకున్నాను.

"ముందు," అన్నాను, "గడువు తేదీ చూడాలి."