పురుడూ పద్నాలుగో సవరణా

సాక్ష్యం చెప్పడానికి మరియకుమారి తొందరపడింది. గొడవంతా అక్కడే మొదలైంది.

షార్జాలో చర్చి ఆవరణలోని ఆ తెలుగు సహవాసానికి ఒక పద్ధతి ఉంది. ఫలానా దాని కోసం ప్రార్థించమని అడిగినవాళ్ళు, పని జరిగాక అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ రోజు బిర్యానీ కూడా వాళ్ళదే. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం ఆ పద్ధతిలో లేదు.

ఆమె అడిగింది కడుపులో ఉన్న మనవడి కోసమో మనవరాలి కోసమో. కూతురు రేచెల్, అల్లుడు బ్లెస్సన్ టెక్సాస్‌లో తాత్కాలిక వీసా మీద ఉన్నారు. తమ గడ్డ మీద పుట్టిన బిడ్డ తమ పౌరుడేనని అమెరికా రాజ్యాంగంలో పద్నాలుగో సవరణ చెబుతుందట. ఇలాంటి వీసాల వాళ్ళ పిల్లలకు అది వర్తించదని 2025 జనవరిలో కొత్త అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. రేచెల్‌కు ఆగస్టు మొదట్లో పురుడు.

ఫిబ్రవరిలో ఒక జడ్జి ఆ ఉత్తర్వును దేశమంతటా ఆపేశాడు. ఆ శుక్రవారమే మరియకుమారి సాక్ష్యం చెప్పేసి, సంతోషంగా బిర్యానీ పెట్టేసింది. ఆపడం వేరు, కొట్టేయడం వేరు అని అక్కడ ఎవరికీ తట్టలేదు.

ఆ వారమే రేచెల్ ఫోన్లో అంది. "అమ్మా, ఈ గోలంతా నాకెందుకు, నీ దగ్గరికొచ్చేస్తాను. తొలి పురుడు పుట్టింట్లోనే కదా."

"పిచ్చి మాటలాడకు. నువ్వు ఇక్కడే పుట్టావు, నేను పనిచేసే లేబర్ వార్డులోనే. ఏమొచ్చింది నీకు? రెండేళ్ళకోసారి వీసా స్టాంపు. నీ బిడ్డకైనా పుట్టిన చోటు సొంతమవ్వాలి. కదలకు."

రేచెల్ మళ్ళీ అడగలేదు. పురుటికి తనే అమెరికా వెళ్దామంటే మరియకుమారికి వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకలేదు.

జూన్ ఆఖరి శుక్రవారం సాయంత్రం, పాటలు మొదలవబోతుండగా బ్లెస్సన్ ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. కింది జడ్జి దేశం మొత్తానికీ ఆపకూడదంట, కేసు వేసినవాళ్ళకే ఆపాలంట. మన టెక్సాస్ కేసు వెయ్యలేదు కదా, నెల తర్వాత మన దగ్గర ఆ ఉత్తర్వు అమలవ్వచ్చంటున్నారు."

"ఇంతకీ ఆ ఉత్తర్వు తప్పా, ఒప్పా?"

"అది ఇప్పుడు తేల్చలేదు. తర్వాతంట."

ఆమెకు నీరసం వచ్చేసింది. ఇన్నేళ్ళుగా ఆస్పత్రిలో ముదీర్లు, అంటే మేనేజర్లు, సెలవడిగినప్పుడల్లా 'బుక్రా', రేపు చూద్దామంటే విని ఊరుకుంది. అంత పెద్ద కోర్టు కూడా బుక్రా అంటే ఇంకెవరికి చెప్పుకోవాలి? అప్పటికి నెలలు నిండుతున్నాయి, రేచెల్‌ను విమానం ఎక్కొద్దంది డాక్టరు. ఆ సాయంత్రం పాటలో ఆమె గొంతు కలపలేకపోయింది.

రెండు వారాలకు ఇంకో రాష్ట్రంలో ఇంకో జడ్జి, ఏ రాష్ట్రంలో పుట్టినా ఇలాంటి పిల్లలందర్నీ ఒకే కేసులో ఒకే పక్షంగా చేర్చి ఉత్తర్వును మళ్ళీ ఆపాడు. శుక్రవారం పొద్దున్నే, అక్కడింకా గురువారం రాత్రి ఉండగానే, మరియకుమారి కూతురికి ఫోన్ చేసి ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. రేచెల్ ఊఁ కొట్టింది.

"ఊఁ ఏంటే? అర్థమైందా? పై కోర్టుకెళ్ళినా..."

"అమ్మా, నా కాళ్ళు వాచిపోయాయి. చెప్పులు పట్టట్లేదు. రెండ్రోజుల్నించి తలనొప్పి."

ఏ గర్భిణి వచ్చినా వాపుందేమోనని ముందు కాలి మీద బొటనవేలితో నొక్కి చూసే మనిషి మరియకుమారి.

"రెండ్రోజులా! చెప్పవేమే?"

"నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా కేసు సంగతే కదా అడిగేది."

కూతురి గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"బ్లెస్సన్‌ని లేపు. ఇప్పుడే ఆస్పత్రికెళ్ళండి. యల్లా, లే తల్లీ!"

ఆ సాయంత్రానికి కబురొచ్చింది. బీపీ బాగా పెరిగింది, అక్కడ ఇప్పుడే తెల్లారింది, ఇవాళే నొప్పులు తెప్పిస్తారట. ఇంట్లో ఒక్కతే కూర్చోలేక ఆమె చర్చికి వెళ్ళింది. పాస్టరు కృపాకర్ గారు ముఖమంతా నవ్వుతో మైకు అందించారు.

"సిస్టర్, ప్రభువు మళ్ళీ కార్యం చేశాడు! రండి, సాక్ష్యం చెప్పండి."

ఆమె మైకు అందుకుంది.

"సాక్ష్యం లేదండి. కేసు గెలవాలని నెలల తరబడి మీచేత ప్రార్థన చేయించాను. నా పిల్లకి సుఖప్రసవం కావాలని ఒక్క శుక్రవారం కూడా అడగలేదు. పురుళ్ళు పోసేదాన్ని, నాకే గుర్తు రాలేదు. ఈ పూట అదడుగుతున్నాను."

వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు. "మరి కేసు, సిస్టర్?"

"వాళ్ళు బుక్రా అంటారు బ్రదర్. నా కూతురికి నొప్పులు ఇవాళే," అంటూ మరియకుమారి మోకాళ్ళ మీదికి వంగింది.