బాటిల్ గోడలకు అంటుకున్నది

ఫోన్ మోగేసరికి నేను ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను.

"పిన్నీ, ఏడో నెల కదా అని పరీక్షలు చేశారు. నా రక్తంలో సీసం ఎక్కువుందట," అంది అక్క కూతురు. "డాక్టరమ్మ నీళ్ల మీద అనుమానపడింది. మా పిన్ని స్వయంగా పరీక్ష చేసిన నీళ్లండీ అని నోరు మూయించాను. ఇప్పుడేమో గోడల రంగు గీకించమంటోంది."

వెనక నుంచి అక్క గొంతు. "సైంటిస్టు పిన్ని ఉండగా నీకేం భయమే!"



ఎనిమిది నెలల క్రితం వాళ్ల వీధి బోరు నీళ్లు నేనే పట్టి తెచ్చాను. వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టే యార్డు ఉంది. పరీక్షలో సీసం లీటరుకు నాలుగు మైక్రోగ్రాములే వచ్చింది. పది దాకా ఫరవాలేదు. 'సురక్షితం' అని సంతకం పెట్టాను. అక్క ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించి మోటారు గది తలుపుకు అంటించింది. వీధి వీధంతా క్యాన్ నీళ్లు మానేసింది. అదే కాగితం ఇప్పుడు యార్డును రెట్టింపు చేసే దరఖాస్తులో ఉంది. రేపే విచారణ.

నీళ్లు పట్టగానే బాటిల్లో కాస్త నైట్రిక్ ఆసిడ్ వేయాలి. లేకపోతే సీసం ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోతుంది. ఆ రోజు ఆసిడ్ తీసుకెళ్లడం మరిచిపోయాను. మూడు రోజుల తర్వాత వేశాను, అదీ నీళ్లను చిన్న గొట్టాల్లోకి వంపేశాక. నా విద్యార్థులెవరైనా ఆ పని చేస్తే చెవి మెలిపెట్టేదాన్ని. పొరపాటు ఆ సాయంత్రమే తట్టింది. మళ్లీ వెళ్లడానికి బద్ధకించాను. ఎంత తేడా వస్తుందిలే అనుకున్నాను.

స్టోరు గదికి పరుగెత్తాను. అందరం బాబాయ్ అని పిలిచే స్టోరు గుమాస్తా ఖాళీ డబ్బా కూడా పారేయని మనిషి.

"బాబాయ్, ఆ బోరు నీళ్ల బాటిల్ ఉందా?"

"ఇది స్టోరా, చెత్తకుండీనా అని తమరే కదమ్మా తిట్టారు?"

"ఉందా, లేదా?"

"తిట్టారనే పైన దాచాను," అంటూ అటక మీంచి దించాడు. ఖాళీ బాటిల్. దాని మీద నా చేతిరాతతో తేదీ.

అందులో ఆసిడ్ పోసి, కదిపి, వేడినీళ్ల తొట్టిలో ఉంచాను. నాలుగు గంటలు అక్కడే కూర్చున్నాను. గోడలు వదిలిన సీసాన్ని యంత్రంలో కొలిచి, లెక్కగట్టి, పాత నాలుగుకు కలిపాను.

అరవై మూడు.

మా ల్యాబ్ డైరెక్టరు తలుపు మూయించి మరీ విన్నాడు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"బాటిల్ ఇచ్చిన స్టోరు బాబాయ్‌కి కూడా తెలీదు సర్."

"అయితే కొత్తగా నీళ్లు పట్టుకురండి మేడమ్. అరవై ఎలాగూ వస్తుంది. ఈమధ్యే పెరిగిందని రాద్దాం. యార్డూ ఆగుతుంది, మీ పేరూ నిలుస్తుంది. నష్టమేముంది?"

నిజంగానే నష్టమేమీ కనిపించలేదు. సరేనని తలూపి గుమ్మం దాకా వచ్చాను కూడా. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

"ఎన్నాళ్లుగా తాగుతున్నావని డాక్టరు మా పిల్లని అడుగుతుంది సర్. ఈమధ్యే అని చెప్పమంటారా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఉద్యోగం పోతుందేమో, చూసుకోండి."

వరండాలోనే నిలబడి విచారణ కమిటీకి మెయిల్ పంపాను. నా పరీక్ష తప్పు, ఇదీ కారణం, ఇదీ అసలు అంకె. నిజానికి ముందు అక్కకు ఫోన్ చేయాలి. కానీ ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర ఒప్పుకోవడమే తేలికనిపించింది.

తర్వాత ఫోన్ చేశాను.

"అమ్మలూ, ఆ నీళ్లు ముట్టుకోకు. వీధిలో ఎవరినీ తాగనివ్వకండి. తప్పు నాది." మొత్తం చెప్పాను.



"నీ కాగితం వచ్చేదాకా క్యాన్ నీళ్లే తాగాం పిన్నీ," అంది. "అంటే కడుపులో పడిన మొదటి రోజు నుంచీ బిడ్డకి ఇవే నీళ్లన్నమాట."

అక్క ఫోన్ లాక్కుంది. కడిగేస్తుందనుకున్నాను.

"ఆ కాగితం చింపేయనా?" అని మాత్రం అడిగింది.

"వద్దక్కా. నేనొచ్చి అందరి ముందూ చింపుతాను."

రమ్మనలేదు. వద్దనలేదు. వెనక బిందెడు నీళ్లు ఎవరో గుమ్మరిస్తున్న చప్పుడు. ఫోన్ పెట్టేసింది.

బాటిల్‌ను సంచిలో వేసుకుని బయల్దేరాను.