ఆరేదాకా ఆగాలి

పార్లర్‌లో నన్ను అందరూ సుడిగాలి అంటారు. ఆ పేరు పెట్టింది మా మేడమ్. చేతిలో కత్తెర లేకపోతే నా వేళ్లు ఊరుకోవు. కౌంటర్ మీద క్లిప్పులన్నీ రంగుల వారీగా సర్దుతాను, మళ్లీ కలిపేస్తాను. ఆ ఆదివారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆ వేళ్లు మరీ అదుపు తప్పాయి. కుర్చీలో కూర్చున్నది మా అక్క మరి.

అక్క లెక్కల టీచరు. ఎనిమిది నెలల కిందట తలకు ఆపరేషన్ జరిగింది. కుడి చెవి వెనక నుంచి మెడ దాకా మచ్చ మిగిలింది, దాని మీద వెంట్రుక మొలవలేదు. మిగతా తలంతా మొలిచింది కానీ, అసలే పల్చటి జుట్టు. మా అమ్మ ఆ జడని ఎలకతోక అని ఏడిపించేది. ఇప్పుడు ఆ తోక కూడా లేదు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి మర్నాడు బడికి వెళ్లాలి.

"మచ్చ కనపడిందంటే నేను వెళ్లనంతే" అంది అక్క. "బోర్డు మీద రాసేటప్పుడు నా వీపు పిల్లల వైపే ఉంటుంది. లెక్క ఎవడు చూస్తాడు?"

ఫొటోల పుస్తకం తిప్పుతూ ఒక పేజీ చూపించింది. "ఇది?"

"మెట్లు మెట్లుగా లేయర్లు కొడితే ఉన్న నాలుగు వెంట్రుకలూ నాలుగు దిక్కులకి పోతాయి."

"పోనీ ఇది?"

"ఆమె నెత్తిన ముగ్గురి జుట్టుంది. నువ్వు పుస్తకం మూసెయ్. కొసలన్నీ ఒకే గీతలో కత్తిరిస్తే పల్చటి జుట్టు ఒత్తుగా కనిపిస్తుంది. మెడ సగం దాకా ఉంచుతా, మచ్చ దాగుతుంది."

వేళ్లు పెట్టగానే జిడ్డు తగిలింది. "నూనె రాసుకొచ్చావా?"

"కొంచెమే."

"ఇంత సన్నటి జుట్టుకి కొంచెమైనా ఎక్కువే అక్కా! మాడుకి అతుక్కుపోయి కూర్చుంటుంది" అని విసుక్కుంటూనే తలస్నానం చేయించాను. తువ్వాలుతో రుద్దకుండా అద్దాను. అంతవరకూ బుద్ధిగానే ఉన్నాను.

పల్చటి జుట్టు పూర్తిగా ఆరాకే కత్తెర పెట్టాలన్నది మా మేడమ్ మాట. తడి మీద దువ్వెనతో లాగితే సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి ఇది చెప్పేదాన్ని నేనే.

కానీ అద్దంలో అక్క తల చూడటం నావల్ల కాలేదు. తడికి జుట్టంతా అంటుకుపోయి, మాడు తెల్లగా బయటపడింది. మచ్చ మొత్తం కనపడుతోంది. డ్రయ్యర్ కోసం చెయ్యి చాచినదాన్ని కత్తెర తీసుకున్నాను. అయిదు నిమిషాల్లో పని ముగించాను.

ఆరబెడుతుంటే జుట్టు వేలెడు పైకి లేచింది. మచ్చ కింది సగం బయట పడింది. గబగబా కుడి పాపిడి ఎడమకి మార్చాను. నడినెత్తిన జుట్టు కుదుళ్ల నుంచి లేచి నిజంగానే ఒత్తుగా కనిపించింది. మచ్చ మాత్రం అలాగే ఉంది.

అక్క చేతి అద్దం తీసుకుని వెనకవైపు చాలాసేపు చూసుకుంది. "అంత తొందరేమొచ్చింది?"

"నీ తడి తల చూడలేకపోయానక్కా. ఆ రోజు గుర్తొచ్చింది. ఆపరేషన్‌కి ముందు నీకు గుండు చేసింది నేనే కదా."

"ఆ రోజూ ఇంతే. రెండు నిమిషాల్లో గీకేసి బయటికి పారిపోయావ్. ఎలా ఉన్నానని అడుగుదామని తల తిప్పితే నువ్వు లేవు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. క్లిప్పుల డబ్బా వైపు చెయ్యి వెళ్తుంటే అక్క పట్టుకుని ఆపేసింది.

"ఇప్పుడు చూసి చెప్పు. ఎలా ఉన్నాను?"

చూశాను. మెడ నుంచి పైకి, మచ్చ పొడుగునా, తీరిగ్గా. "పాపిడి బాగుంది. మచ్చ కనపడుతోంది" అన్నాను.

అక్క చేతి అద్దం కౌంటర్ మీద బోర్లించింది. "అయితే రేపు నువ్వూ రా" అంది. "నాకు కుడి పక్కన, కాస్త వెనగ్గా, మచ్చకి అడ్డంగా నడు."

మర్నాడు అలాగే నడిచాను. నా కాళ్లకి ఆ నెమ్మది నడక నరకం, అయినా ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. బడి గేటు ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. వాళ్లు నాలుగు అడుగుల దూరంలో ఉండగా అక్క ఆగింది. నా మోచెయ్యి పట్టుకుని నన్ను తన ఎడమ పక్కకి మార్చింది.

"నేను లోపలికి వెళ్లేదాకా ఇక్కడే ఉండు. ఈసారి పారిపోకు."

పిల్లల మధ్య నుంచి ఆమె నడిచి వెళ్లింది. గేటు దగ్గర నిలబడ్డ నాకు కూడా మచ్చ కనపడుతోంది. ఆమె వరండా దాటి తరగతిలోకి వెళ్లేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.