మేకు లేని ముప్పై ఒక్క రేకులు

దేవుడు లేడని సీసమ్మకు ఎవరూ నూరిపోయలేదు. మనుషులు దేవుడికి రాసుకున్న నాలుగు వందల పన్నెండు అర్జీలు చదివాక ఆవిడే ఆ నిర్ణయానికి వచ్చింది. నిజంగా ఉన్నవాడైతే ఇవన్నీ చదివి ఊరుకోడు, ఊరొదిలి పారిపోతాడు అనేది ఆవిడ వాదన.

అర్జీలంటే పెద్ద కోరికలేమీ కావు. స్నానాల గదిలో నా తువ్వాలు ఎత్తుకుపోయినవాడికి నిద్ర పట్టకూడదు. పక్కింటావిడ మేక నా తీగ తినేసింది, మేక పళ్ళు కాదు, ఆవిడ పళ్ళు రాలిపోవాలి. పందెంలో నన్ను ఓడించినవాడి పేగులు కుళ్ళిపోవాలి, కుళ్ళుతున్నట్టు వాడికి తెలుస్తూ ఉండాలి. ఇప్పుడు మ్యూజియం ఉన్న చోట రెండు వేల ఏళ్ళ కిందట ఒక ఊరుండేది. ఆ ఊరి జనం ఇలాంటివన్నీ పల్చటి సీసపు రేకు మీద సూదిమొనతో గీకి, రేకును చుట్టగా చుట్టి, మధ్యలో ఇనప మేకు దిగ్గొట్టి, బావిలో పడేసేవారు. తక్కిన పని బావిలో ఉన్న దేవుడు చూసుకోవాలి. ఆ ఊరు పోయింది, జనం పోయారు, ఆ భాష పలికే నాలుక ఒక్కటీ మిగల్లేదు. మ్యూజియం పెరట్లో ఎండిపోయిన బావి మిగిలింది. రేకులు మిగిలాయి. వాటిని చదవగల మనిషి లోకం మొత్తానికి ఒక్కతే మిగిలింది. ఇరవై ఆరేళ్ళుగా సీసం పట్టుకుని కూర్చున్నందుకు అందరూ ఆవిడను సీసమ్మ అంటారు, ఆవిడకు వినపడేటట్టే అంటారు.

మ్యూజియం పెద్ద అధికారి ఆవిడ సొంత తమ్ముడు. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు, ఆవిడకు పంతొమ్మిది. అన్నం పెట్టి, చెవి మెలేసి, చదువు చెప్పించి పెంచింది. పెరిగి పెద్దవాడై ఆవిడ నెత్తిమీదే అధికారిగా కూర్చున్నాడు. ఆఫీసులో మామూలుగా ‘మేడమ్’ అంటాడు, కోపం వస్తే ‘అక్కా’ అంటాడు. గొంతు మాత్రం చిన్నప్పటిదే. పక్కగదిలో మాట్లాడితే ఈ గదిలో గాజు పెట్టెలు అదురుతాయి.

గొడవ ఆ రేకుల ప్రదర్శన దగ్గర వచ్చింది. ఆ గురువారం ఆవిడ, రేకు పక్కన పెట్టడానికి అచ్చయి వచ్చిన అనువాదం చీటీ ఒకటి పట్టుకుని అతని గదిలోకి వెళ్ళింది. చీటీ మీద ‘అతనికి మనశ్శాంతి కలుగుగాక’ అని ఉంది.

“ఇదేంట్రా?”

“బాగుంది కదా?”

“నేనిచ్చింది ‘వాడి పేగులు కుళ్ళిపోవాలి’ అని.”

“జనం పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారక్కా. గోడ నిండా పేగులూ పళ్ళూ విరేచనాలూ పెడతామా? ప్రదర్శన పేరే ‘పూర్వీకుల శాంతి ప్రార్థనలు’. బయట ఆ పేరు రాసిన గుడ్డ కూడా కట్టేశారు.”

“నాలుగు వందల పన్నెండింట్లో శాంతి అన్న మాట ఒక్కచోటే ఉంది, తెలుసా? ‘వీడు చచ్చేదాకా నాకు శాంతి లేదు’ అని.”

“చూశావా? ఉందిగా!”

“వాళ్ళు నమ్మింది ఇదిరా. మనకంటే మంచివాళ్ళేం కాదు, మనలాగే కుళ్ళుబోతులు. అది చెబితే తప్పేముంది?”

“వాళ్ళేం నమ్మారో ఎవడిక్కావాలి? వచ్చినవాళ్ళు ఏం నమ్మాలనుకుంటారో అది పెట్టాలి. ఇరవై ఆరేళ్ళు నూతిలో కూర్చున్న కప్పవి, నీకేం తెలుసు జనం సంగతి!”

ఆ ‘కప్ప’ గేటు దగ్గర కాపలావాడి దాకా వినిపించింది. అతను మర్యాదగా అటు తిరిగి దగ్గాడు.

సీసమ్మ తిన్నగా మరమ్మతుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. సూది ఏ వాలున పట్టుకుంటే అక్షరం ఎలా పడుతుందో చూడ్డానికి అక్కడ సీసపు ముక్కల డబ్బా ఒకటి ఉంటుంది. అందులోంచి ఒక ముక్క తీసుకుంది. ఇది పరిశోధన అని తనకు తాను చెప్పుకుంది. మనసు దొంగతనానికి బయల్దేరే ముందు మంచి చొక్కా తొడుక్కుంటుందని ఆవిడకు తెలియక కాదు.

పద్ధతి ప్రకారం ముందు బావి దేవుణ్ణి పిలవాలి. తర్వాత ఎవరి మీద అర్జీయో వాళ్ళను తల్లి పేరుతో చెప్పాలి. తండ్రి పేరు ఏ రేకు మీదా ఉండదు. తండ్రి ఎవరన్నది నమ్మకం మీద నడిచే సంగతి, తల్లి ఎవరన్నది నలుగురూ చూసిన సంగతి. దేవుడు తప్పు ఇంటి తలుపు తట్టకూడదు కదా. ఆవిడ తల్లి పేరు గీకింది. చచ్చిపోయిన భాష అక్షరాల్లో ఆ పేరు ఎంత ముద్దుగా ఉందో చూసుకుని మురిసిపోయింది. ‘ఈమె కన్న కొడుకు నాలుక అంగిలికి అంటుకుపోవాలి. వాడి గొంతు పెగలకూడదు.’ ఆ తల్లికి కొడుకు ఒక్కడే. వెతుక్కునే శ్రమ కూడా దేవుడికి లేదు.

చుట్టింది. మేకు దిగ్గొట్టింది. పెరట్లో బావి మీద ఇనప జాలీ ఉంది, పక్కన ‘ఇందులో ఏమీ వేయరాదు’ అన్న పలక ఉంది. పలక చదివిన ప్రతివాడూ జాలీ సందుల్లోంచి ఒక చిల్లర నాణెమో, బస్సు టికెట్టో, జడ రిబ్బనో వేసి, కళ్ళు మూసుకుని పోతుంటాడు. రెండు వేల ఏళ్ళయినా దేవుడికి గిరాకీ తగ్గలేదు. సీసమ్మ కూడా తనది వేసింది. ఇంటికి వెళ్ళి, చాలా ఏళ్ళ తర్వాత, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

శుక్రవారం తమ్ముడి గొంతు బొంగురుపోయింది. శనివారం గాలి మాత్రమే వచ్చింది. సోమవారానికి అదీ లేదు.

డాక్టరు సన్న గొట్టం దించి చూశాడు. గొంతులో మాట పలికించే తీగ మీద గడ్డ ఉందన్నాడు. ముక్క తీసి పరీక్షకు పంపాం, వారం పడుతుంది, అప్పటిదాకా ఏమీ అనలేం అన్నాడు. ‘ఏమీ అనలేం’ అనేటప్పుడు గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు.

గొంతు పోయినవాడు చీటీలు రాయడం మొదలుపెట్టాడు. కోపం వస్తే అక్షరాలు పెద్దవవుతాయి. మూడో రోజుకు ఒక్కో చీటీ మీద ఒక్కో మాటే పడుతోంది. ఇంట్లో అన్నం బల్ల మీద చీటీలు గుట్టపడుతుంటే మరదలు వాటిని ఏరి పోగుచేస్తోంది.

“దిష్టే వదినా,” అంది ఆమె, సీసమ్మకు టీ అందిస్తూ. “బయట గుడ్డ మీద ఆయన పేరు అంత పెద్దగా వద్దంటే విన్నారా? ఎవరి కళ్ళు పడ్డాయో ఏమో. వాళ్ళ పేగులు కుళ్ళిపోను!”

టీ సీసమ్మ గొంతుకు అడ్డంపడింది. అచ్చం రెండు వందల ఆరో రేకు వరస. రెండు వేల ఏళ్ళ తర్వాత, ఆ భాషలో ఒక్క అక్షరం రాని మనిషి, టీ కప్పు పట్టుకుని, ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది. మామూలప్పుడైతే దాని మీద ఒక వ్యాసం రాసి ఉండేది. ఇప్పుడు ఆ పేగులు తనవి.

గడ్డ ఒక్క రాత్రిలో పుట్టదు, నెలల నాటిదయి ఉంటుంది, ఆవిడ అర్జీ నిన్నగాక మొన్నటిది. ఈ లెక్క ఆవిడ తనకు తాను రోజుకు పదిసార్లు చెప్పుకుంది. పదకొండోసారి చెప్పుకుంటున్నప్పుడు ఇంకో సంగతి పైకి తేలింది. ఆ కోరిక గురువారం నాటిది కాదు. తల్లి పోయిన కొత్తల్లో తమ్ముడు వీధి చివరికి వినపడేట్టు ఏడ్చేవాడు. వాడి ఏడుపు ఇల్లంతా ఆక్రమించుకునేది, ఆవిడ ఏడుపుకి కూర్చోడానికి పీట కూడా మిగిలేది కాదు. ఒకనాడు వాడి నోరు నొక్కి, ‘నీ నోరు పడిపోను’ అంది. నిలబెట్టి అడిగితే, ఆ మాటనే ఇప్పుడు మంచి వ్యాకరణంతో తిరగరాసింది.

వెనక్కి తీసుకోవాలి. ఎలా? ఆవిడకు చేతనైంది ఒక్కటే, వెతకడం. తర్జుమాలు రాసి పేర్చిన కార్డులన్నీ కిందికి దించి నాలుగు వందల పన్నెండు అర్జీలూ మళ్ళీ చదివింది. వద్దులే దేవుడా, పొరపాటైంది, నేనన్నమాట మరిచిపో అన్నది ఒక్కటీ లేదు. ఇంత పెద్ద ఊళ్ళో, అది బతికిన మూడు వందల ఏళ్ళలో, ఒక్కడికీ జాలి వేయలేదా? తను జీవితమంతా చదివిన జనం ఇంత రాతిగుండెలవాళ్ళని ఆవిడకు మొదటిసారి ఏడుపొచ్చింది. మాట దొరికితే అదే వాడేది, లేని మాట తను కల్పిస్తే దేవుడికి తెలిసిపోతుందని భయం. లేని దేవుడికే సుమా.

ఆ ఏడుపు మొహంతోనే ఉండగా గీతల మాస్టారు వచ్చాడు. రేకుల మీది అక్షరాలను కాగితం మీద ఉన్నదున్నట్టు గీసేది ఆయనే. ఇరవై ఏళ్ళుగా ఆయన గీస్తాడు, ఆవిడ చదువుతుంది. ఆయనకు ఆ భాష ఒక్క ముక్క రాదు, అందుకే ఆయన గీతలో తప్పుండదు.

“ఏం వెతుకుతున్నారు మేడమ్?”

“అర్జీ పెట్టి మళ్ళీ వద్దనుకున్నవాడు ఒక్కడైనా ఉంటాడేమోనని.”

“ముప్పై ఒక్కమంది ఉన్నారుగా.”

ఆవిడ తలెత్తింది. ఆయన వెళ్ళి తన పాత పెద్ద కాగితాలు మోసుకొచ్చి బల్ల మీద పరిచాడు. రేకుల మీద రాసిన తన పుస్తకంలో వేసేటప్పుడు ఆవిడ చుట్టూ కత్తిరించి అక్షరాలు మాత్రం ఉంచిన బొమ్మలు అవి. ఇక్కడ రేకులు పూర్తిగా ఉన్నాయి, చిల్లులతో సహా.

“ఇవి బావి అడుగున దొరకలేదు, బావి గోడలో గూట్లో పేర్చి దొరికాయి. చిల్లుంది, మేకు లేదు. మీరు తుప్పుపట్టి రాలిపోయిందని రాశారు. రాలితే చుట్టూ ఈ గాట్లెందుకుంటాయండీ? పట్టకారుతో పీకారు. అప్పుడే చెప్పాను నేను.”

“నేనేమన్నాను?”

“‘మీరు గీయండి, నేను చదువుతాను’ అన్నారు.”

సీసమ్మ కాగితాన్ని దగ్గరికి లాక్కుని గాట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇరవై ఆరేళ్ళు అక్షరాలు చదివింది, చిల్లులు చదవలేదు. తిట్టడానికి వాళ్ళకు భాష కావలసి వచ్చింది. పశ్చాత్తాపానికి పట్టకారు చాలింది.

“ఇంకోటి చూడండి,” అన్నాడు మాస్టారు. “ఇటు పక్క నొక్కులు. చేతివేళ్ళవి. సీసం మెత్తన కదా, ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు పీకాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదిది.” కాస్త ఆగి అడిగాడు. “ఎవరి మీద పెట్టారు మేడమ్?”

చెప్పేసింది. మాస్టారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“వ్యాకరణం సరిగా రాశారా?”

“తప్పు లేకుండా రాశాను.”

“అదే వచ్చిన చిక్కు. తప్పులు రాసుంటే బావిలో ఆయనకు అర్థమయ్యేది కాదు.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ జాలీ పక్కకు జరిపి, మట్టిలో మేకులు ఏరే అయస్కాంతాన్ని తాడుకు కట్టి బావిలోకి వదిలారు. సీసం అంటుకోదు గానీ మేకు అంటుకుంటుంది. మొదట నాణేలు వచ్చాయి, తర్వాత ఒక తాళంచెవి, తర్వాత ఎవరిదో జడ పిన్ను. కాపలావాడు ఈల వేయబోయి, సీసమ్మను చూసి, ఈల జేబులో పెట్టుకుని తనూ వంగి చూశాడు. అయిదోసారి చుట్ట పైకి వచ్చింది. తలెత్తితే ఎదురుగా తమ్ముడు నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి చూసి దిగి వచ్చాడు. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. చీటీ చాచాడు. ‘కొత్త రేకా?’

“ఆఁ. కొత్తదే.”

చుట్టను విప్పగలిగినంత మేరకు విప్పాడు. అతనికి చదవడం రాదు. ఇంకో చీటీ. ‘ఏముంది?’

‘అతనికి మనశ్శాంతి కలుగుగాక’ అంటే సరిపోతుంది. అతను కోరిన అనువాదమే. అడిగేవాడు లోకంలో ఇంకొకడు లేడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇరవై ఆరేళ్ళ అలవాటు, మనిషి కంటే మొండిది.

“ఇది అమ్మ పేరు,” అంది వేలుపెట్టి. “ఈమె కన్న కొడుకు నాలుక అంగిలికి అంటుకుపోవాలి. వాడి గొంతు...” రేకు మీంచి వేలు తీసేసింది. “పెగలకూడదు అని ఉంది. నేనే రాశాను.”

మాస్టారు తాడు చుట్టుకుంటూ బావి అవతలి వైపుకు వెళ్ళిపోయాడు. తమ్ముడు చాలాసేపు తల్లి పేరు దగ్గరే చూస్తూ నిలబడ్డాడు, బొటనవేలితో ఆ అక్షరాలు తడిమాడు. తర్వాత రాశాడు. ‘నాన్న పేరు లేదే?’

“దేవుడికి నాన్నల మీద నమ్మకం లేదురా.”

అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడానికి చప్పుడు లేదు. మొహం చూస్తే రెండూ అనిపించింది. ఆవిడ పట్టకారు తీసి మేకు లాగబోయింది. చుట్ట చేతిలో జారిపోయింది, మళ్ళీ జారింది. అప్పుడతను రెండు చేతులతో చుట్టను గట్టిగా పట్టుకున్నాడు. సీసంలో అతని వేళ్ళు దిగబడ్డాయి. ఆవిడ పీకింది.

మేకు పీకిన అయిదో రోజున పరీక్ష ఫలితం వచ్చింది. మామూలు గడ్డే, అరిచి అరిచి వచ్చింది, తీసేస్తే పోతుంది అన్నాడు డాక్టరు, ఈసారి మొహం చూసే చెప్పాడు. గొప్పతనం డాక్టరు తనదే అనుకున్నాడు, మరదలు తను తిట్టిన తిట్టుది అనుకుంది. సీసమ్మ ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. మేకు లేని రేకును మిగతా ముప్పై ఒకటి ఉన్న అరలో పెట్టింది, నంబరు మాత్రం వేయలేదు. తన పుస్తకంలో ‘తుప్పుపట్టి రాలిపోయినవి’ అన్న ముక్క కొట్టేసి ‘పీకినవి’ అని రాసింది.

ప్రదర్శన వాయిదాపడింది. గడ్డ తీసిన మూడో వారానికి డాక్టరు మాట్లాడవచ్చన్నాడు. తమ్ముడు తిన్నగా ఆవిడ గదికే వచ్చాడు, ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆవిడ చేతిలో పని వదిలేసింది.

“అక్కా,” అన్నాడు, బొంగురుగా, కానీ పక్కగదికి వినపడేంత గట్టిగా. “గాట్లున్న రేకులు కూడా పెడదాం, బాగుంటాయి. కానీ ఆ పేగులు మాత్రం వద్దు.”

సీసమ్మ చూపు ఒక్క క్షణం మరమ్మతుల గది వైపు, సీసపు ముక్కల డబ్బా దాకా వెళ్ళి వచ్చింది.