తిట్టని కోచ్

"తలుపు పగలగొట్టేద్దామా? ఫైనల్‌కి పిలుస్తున్నారు," అన్నాడు పోటీల నిర్వాహకుడు.

"అక్కర్లేదు. మా ఆవిడ చూసుకుంటుంది," అన్నాడు పిల్లలకి ఈత నేర్పే మా ఆయన. నేను పక్కనే ఉన్నా, నాతో మాత్రం అనలేదు.

అమ్మాయిల బట్టల గదికి లోపల్నించి గొళ్ళెం. లోపల ఉన్నది చేపపిల్ల. మా ఈత కొలనులో తనకంటే పెద్దవాళ్లని దాటేస్తుందని అందరూ పెట్టిన పేరు. పొద్దున తొలి రౌండులో గోడ దగ్గర తిరగడం తప్పి, ఫైనల్‌కి ఎంపికైనవాళ్లలో ఆఖరిదైంది. తర్వాత వెళ్లి గొళ్ళెం పెట్టుకుంది.

ఇలాంటప్పుడు నన్ను పంపడం మామూలే. తువ్వాళ్లు ఉతకడం, వాంతి కడగడం, ఏడ్చిన పిల్లని బుజ్జగించి మళ్లీ నీళ్లలోకి దింపడం సార్ భార్య పనులు. జీతం వచ్చేవి సార్ పనులు. తలుపుకి చెవి ఆనించాను. కుళాయి ధారగా కారుతోంది. బకెట్ నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టడం లేదు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఏడుపు బయటికి వినపడకుండా మా ఇంటి బాత్‌రూములో నేనూ అలాగే తిప్పుతాను.

మా ఆయన అరవడు. పోయిన నెల కొత్త కోచ్‌లకి పిల్లల మనస్తత్వం మీద క్లాసు చెబుతూ, "ఇన్నేళ్లలో ఒక్క పిల్లనీ తిట్టలేదు, చెయ్యెత్తలేదు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టీ కప్పులు ఏరుతున్న నేను కూడా ట్రే కింద పెట్టి మరీ కొట్టాను. నిజమే చెప్పాడు. ఓడిన పిల్ల ఆయనకి కనపడదు, అంతే. నమస్కారం పెడితే గోడకి పెట్టినట్టే. మళ్లీ గెలిస్తేనే ఆ పిల్ల మనిషి. ఇంట్లో ఆ వరస నాది. ఆడపడుచు మాటకి ఎదురు చెప్పాను. వారం నుంచి, "నా కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మీ అమ్మనడుగు," అని నా ముందే మా అమ్మాయితో అంటున్నాడు. "నోరెత్తని మొగుడు దొరికాడు, ఇంకేం కావాలే నీకు?" అంటుంది అత్తయ్య.

"బంగారం, నేనే. తలుపు తియ్యమ్మా."

కుళాయి కొంచెం తగ్గింది. "ఆంటీ, సార్ నన్ను ఏమైనా అన్నారా?"

తిట్టారంటే బాగుండునన్న ఆశ ఆ గొంతులో.

"లేదమ్మా."

"గెలిస్తే మాట్లాడతారులే అని చెప్పకండి. అందరికీ అదే చెబుతారు మీరు." కుళాయి కట్టేసింది. "మీరేం గెలిస్తే మీతో మాట్లాడతారు ఆంటీ?"

పిల్లలకి తెలుసన్నమాట. ఎన్ని గెలిచాను? ఆయన నిద్ర చెడకుండా, ఆయన పేరు చెడకుండా ఎన్నేళ్లు ఈదాను? అయినా ఒడ్డు చేరినట్టు ఒక్కనాడూ లేదు.

"నీకు ఇష్టం లేకపోతే ఈదొద్దు," అన్నాను. "ఎవరేమన్నా నేను చూసుకుంటా. ముందు బయటికి రా తల్లీ."

గొళ్ళెం తీసిన చప్పుడు. తడి జుట్టుతో వచ్చి నా నడుము పట్టుకుంది. అప్పటికే వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. "నా పిల్లని ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదండీ," అన్నాడు నిర్వాహకుడు.

"ఫైనల్ అంటే భయం. చిన్నపిల్ల కదా," అని నవ్వాడు మా ఆయన. నా వైపు తిరిగి మెత్తగా అన్నాడు, "నువ్వు చెప్పు వాళ్లకి."

వారం తర్వాత నాతో ఆయన మొదటి మాట. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అంత చిన్న మాటకి లేచొచ్చినందుకు నా మీద నాకే జాలేసింది. పిల్ల వేళ్లు నా చీరని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"మీ పిల్లని ఈ గదిలోకి తోసింది మా ఆయనండీ," అన్నాను వాళ్లమ్మతో. "ఒక్క మాట కూడా అనకుండా."