దేవమణి ఊడదీసిన కారు

నేను ఒక పాత చిన్న కారుని, నన్ను పాడుచేసింది మీరే. నేరం తుప్పు మీదికి నెట్టకండి. దాన్ని పిలిచి కూర్చోబెట్టింది మీరు. తలుపు కింద చిల్లి పడితే రేకు ముక్క అతికించడానికి బద్ధకించి లప్పం కూరారు, పైన ఎర్రరంగు కొట్టి ఇంకొకడికి అంటగట్టారు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు నాకు మూడు సిలిండర్లు, బోలెడు గర్వం. మొదట కొన్నది బందరులో లెక్కల మాస్టారు. ప్రతి ఆదివారం తుడిచేవాడు, అరిగిపోతానని బయటికి తీసేవాడు కాడు. ఆరేళ్లు సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తర్వాత డ్రైవింగ్ స్కూలు. సగం ఊరు నా క్లచ్చు మీద నిలబడి డ్రైవింగు నేర్చుకుంది, మిగతా సగం నాతో గోడలు గుద్దించింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజులే బాగుండేవి. ఆ తర్వాత కైకలూరు రొయ్యల రైతు వెనక సీటు పీకేసి రొయ్యపిల్లల సంచులు వేశాడు. ఆ ఉప్పునీళ్లకి పిల్లలు బతికాయి, నా నేల చచ్చింది. చివరికి బెజవాడ ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టు శేషగిరి దగ్గర తేలాను.

అక్కడికి వచ్చింది దేవమణి. ఇరవై ఏళ్లుగా లారీలకి బాడీలు వెల్డింగు చేస్తోంది. ఊళ్లోవాళ్ల బళ్లన్నీ ఆమె చేతిమీదుగా రోడ్డెక్కాయి, ఆమె మాత్రం షేర్ ఆటోలో ఇంటికి పోతుంది. ఇక చాలనుకుని ఎనిమిది నెలలు కూర్చుని ఇనప పైపులతో రెండు సీట్ల కారు ఫ్రేము కట్టుకుంది. అందులో బిగించడానికి ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు కావాలి. కొలతలన్నీ నా మోడలువే. ఆ మోడలు కోసం కొట్లన్నీ వెతికితే మిగిలింది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం క్రేను వచ్చి నన్ను నలగ్గొట్టడానికి ఎత్తుకుపోతుంది.

"కొత్త పెళ్లికూతురమ్మా ఇది!" అన్నాడు శేషగిరి.

"ముందు పౌడరు తియ్యి" అని ఆమె పాత స్పీకరు అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి నా ఒంటిమీద జరిపింది. తలుపుల దగ్గర అది పట్టు వదిలి జారిపోయింది. "బాబాయ్, బండంతా లప్పమే! ఇంజను చూడు."

బాబాయ్ అంటే ఆమె వెంట వచ్చిన మస్తాన్ వలి, ముసలి మెకానిక్కు. గేరు కడ్డీ పట్టుకుని ఊపాడు. అది ఇటూ అటూ వదులుగా ఊగింది. న్యూట్రల్లోనే ఉందనుకున్నాడు. ఇంజను ముందుండే పుల్లీ బోల్టుకి పానా వేసి లాగాడు. ఇంజను కదల్లేదు. ఇంకాస్త పొడుగు పైపు తొడిగి లాగాడు. ఊహూఁ.

"పట్టేసిందమ్మాయ్. సచ్చింది. పద."

ఎనిమిది నెలల ఫ్రేము దేవమణి కళ్లలో కనిపించింది నాకు. నోరుంటే అరిచేదాన్ని: నేను చావలేదురా, గేరులో ఉన్నాను! హ్యాండుబ్రేకు లేని నన్ను చెరువు గట్టు మీద ఆపినప్పుడల్లా ఆ రొయ్యల రైతు మొదటి గేరులో పెట్టేవాడు. ఆ తర్వాత గేరు కడ్డీని కింద పట్టి ఉంచే బుష్షు ఊడింది. కడ్డీ పైన ఊగుతోంది, కింద గేరు అలాగే ఉంది, చక్రాలేమో బ్రేకులకి తుప్పుతో అతుక్కున్నాయి. వాటన్నిటితో కలిపి నన్ను తిప్పమంటే ఎలా తిరుగుతాను?

"ఆగు బాబాయ్" అంటూ ఆమె వీపు కింద గోనెసంచి వేసుకుని నా కిందికి దూరింది.

"బట్టలు పాడు చేసుకోకే!"

"పాడవనీ. గేరు కడ్డీ ఊడి ఏలాడతందిక్కడ! నువ్వు ఊపింది ఉత్త కర్ర."

సుత్తితో మెల్లగా తట్టింది. లోపల టక్‌మని గేరు విడింది. మస్తాన్ మళ్లీ పానా లాగాడు. తిరిగాను. బుసకొట్టుకుంటూ తిరిగాను.

"ముప్పై ఏళ్ల సర్వీసు నాది" అని గొణిగాడు మస్తాన్.

"అందుకే ముందు నిన్నడిగాను" అని నవ్వింది ఆమె.

తర్వాత పని చకచకా సాగింది. విప్పిన బోల్టుని వచ్చిన రంధ్రంలోనే రెండు చుట్లు తిప్పి వదలడం మస్తాన్ పద్ధతి. దేవమణి పాత చీర చింపి వైర్లకి పేలికలు కట్టింది: హారనుకి ఎరుపు, హెడ్‌లైట్లకి పసుపు. ఇంజనుని గొలుసుతో లేపుతుంటే నాకు చక్కిలిగింత పుట్టింది. ఉత్త గుల్లని మాత్రం క్రేను తీసుకుపోయింది. పోనీయండి, అందులో మీ లప్పం తప్ప ఏముంది?

రెండు నెలలైంది. ఇప్పుడు దేవమణి షెడ్డులో నాకు పైకప్పు లేదు, తలుపుల్లేవు, రెండే సీట్లు. ఇవాళ పొద్దున తాళం తిప్పింది. మూడో ప్రయత్నంలో మోగాను. మస్తాన్ పక్క సీట్లో కూర్చుని తలకి రుమాలు కట్టుకున్నాడు. కానీ గేటుకి అడ్డంగా ఎవడిదో సగం కట్టిన లారీ. "సాయంత్రం తీస్తాంలే అక్కా" అంటున్నారు పక్క షెడ్డువాళ్లు, టీ గ్లాసులు పట్టుకుని.

సాయంత్రం ఎందుకు? ఇరవై ఏళ్లు మీ బళ్లకి దారిచ్చింది ఆమె. ఆ గ్లాసులు కింద పెట్టండి. నలుగురూ భుజం వేసి తొయ్యండి. లారీ జరపండి, గేటు తెరవండి, ఇప్పుడే!