నాలుగేండ్ల కింద

గద్వాలలో ఆ వీధికి పొద్దున పాలప్యాకెట్ల బండి కంటే ముందు మగ్గాల చప్పుడు వస్తుంది. సుభద్రమ్మ ఇంట్లో మగ్గం మీద కూర్చునేది ఆమె పెద్ద మనుమరాలు సింధూజ. పద్దెనిమిదేళ్ళ పిల్ల. మగ్గం కింది గుంతలోకి కాళ్ళు వేలాడేసి నేస్తుంటే, పక్కన ఆమె నాయన జితేందర్ అంచు దగ్గర దారం మోసే నాడె అందుకుంటాడు. చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట ఒక్క మనిషి చేతులు చాలవు.

చెల్లెలు లహరి ఎనిమిదో తరగతి. గుంత అంచున బాసిపట్లు వేసుకుని లెక్కల పుస్తకం చదువుతోంది.

"అక్కా, 'అక్క వయసు చెల్లెలి వయసు కంటే ఆరు ఎక్కువ. ఇద్దరివీ కలిపితే ముప్పై. ఎవరి వయసెంత?' అని పుస్తకంల ఇచ్చిండు."

"చెల్లె వయసు తెల్వదు గద. తెల్వనిదానికి ఒక పేరు పెట్టు. x అను."

"తెల్వనిదానికి పేరెట్ల పెడ్తం?"

"కండె మీద దారం ఎంతున్నదో విప్పేదాక తెల్వదు. అయినా కండె అంటలేమా? గట్లనే."

లహరి రాసుకుంది. చెల్లెలు x, అక్క x+6. రెండూ కలిపితే 2x+6, అది ముప్పై. ఆరు తీసేస్తే ఇరవై నాలుగు, అందులో సగం పన్నెండు.

"నాకు పన్నెండు, నీకు పద్దెనిమిది. గిది మన లెక్కనే గదక్కా."

"ఇంకోటి యాదుంచుకో. ఎన్నేండ్లు పోయినా, ఎన్నేండ్లొచ్చినా మన తేడా ఆరే. వయసు లెక్కలల్ల మారనిది అదొక్కటే."

ఈ సంగతి నేర్పడానికి ఆ ఇంట్లో పుస్తకం కూడా అక్కర్లేదు. అందరి మగ్గం గుంతలూ కాళ్ళు పెట్టుకునేంత లోతే ఉంటాయి. వీళ్ళ గుంతకు మాత్రం ఒక మూల మెట్లున్నాయి. మోకాలెత్తు మెట్లు, ఒక్కో మెట్టు ఒక్కో ఏడు. ఆ వైపు జనం 'రెండేండ్ల కింద' అంటారు కదా, మిగతావాళ్ళకు అది మాట, వీళ్ళకు రెండు మెట్లు. ఎన్ని మెట్లు దిగితే అన్నేళ్ళు చిన్నవాళ్ళవుతారు. ఎక్కి వస్తుంటే ఆ ఏళ్ళు ఒక్కొక్కటే వచ్చి మీద కూర్చుంటాయి. సుభద్రమ్మ కళ్ళజోడు మూడేళ్ళ కింద పోతే మూడు మెట్లు దిగి తెచ్చుకుంది. వీధిలో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చే మనిషి కూడా 'గుంత పైలం' అని తనకు తానే చెప్పుకుని గోడవారగా పోతాడు.

ఆ గోడ మీద సుభద్రమ్మ బొగ్గుతో అడ్డంగా ఒక గీత గీసి పెట్టింది. గీత అంటే ఈ ఏడు. వచ్చే ఏళ్ళు గీత పైన, పోయిన ఏళ్ళు గీత కింద. మనుమరాళ్ళిద్దరూ బడి కంటే ముందు అంకెలు నేర్చుకుంది అక్కడే. అదే వాళ్ళ కొంప ముంచింది.

శనివారం మధ్యాహ్నం లహరి పరీక్ష కాగితంతో ఇంటికొచ్చింది. ఇరవై అయిదుకు ఆరు. పాసవ్వాలంటే తొమ్మిది రావాలి. జితేందర్ నెల ముందు నుంచే చెబుతున్నాడు, ఈసారి లెక్కల్లో తప్పితే బడి బంద్, రెండో మగ్గం పెడతానని.

"అక్కకు రాలే, చెల్లెకు రాలే" అన్నాడు కాగితం చూసి. "లెక్కలు మన ఇంటికి పడవు. సోమవారం పోయి టీసీ తెస్త."

సింధూజ కాగితం లాక్కుని చూసింది. చివరి లెక్కకు అయిదు మార్కులు. తండ్రికి 44, కూతురికి 12. ఎన్నేళ్ళకు తండ్రి వయసు కూతురి వయసుకు అయిదు రెట్లవుతుంది? లహరి సరిగ్గానే మొదలుపెట్టింది. 44+x = 5(12+x). మెట్టుమెట్టుగా తీసి, చివర ఒక గీత గీసి, గీత కింద 4 వేసింది. దాని మీద ఎర్రసిరా అడ్డంగా కొట్టేసి ఉంది.

సింధూజకు ఒళ్ళు మండింది. ఆ లెక్క ఆమెకు బాగా తెలుసు. లెక్కల సారు ఏటేటా, ఏ తరగతికైనా అదే లెక్క ఇస్తాడు. నాలుగేళ్ళ కింద తొమ్మిదో తరగతిలో ఇదే లెక్కకు తానూ గీత గీసి కింద 4 వేసింది, ఆయనా ఇలాగే కొట్టేశాడు. ఆ రోజు తల దించుకుని ఇంటికొచ్చింది. మర్నాడు నాయన మగ్గం మీద కూర్చోబెట్టాడు. ఇప్పటిదాకా లేవలేదు.

నాడె పక్కన పెట్టి, మొహం కడుక్కుని, చున్నీ సర్దుకుని బడికి నడిచింది.

లెక్కల సారు శ్రవణ్ కుమార్ మంచివాడే. కాకపోతే జవాబుల కాగితంలో ఉన్నదే ఆయన కంటికి కనిపిస్తుంది. వేరే జిల్లా నుంచి వచ్చి పదేళ్ళయినా ఈ ఊరి మాట ఆయన నోటికి ఎక్కలేదు.

"సార్, ఇది తప్పెట్లయితది?"

"జవాబు మైనస్ నాలుగు. మీ చెల్లెలు నాలుగు వేసింది. నాలుగేళ్ళ తర్వాత తండ్రికి నలభై ఎనిమిది, కూతురికి పదహారు. మూడు రెట్లే కదా."

"నాలుగు గీత కిందున్నది సార్. నాలుగేండ్ల కింద అని రాసింది."

"నాలుగేళ్ళ క్రితం అనాలమ్మా. అయినా మైనస్ గీత అంకె ముందు పెడతారు, నెత్తిన పెట్టరు."

"మీ దిక్కు క్రితం అంటరు, మా దిక్కు కింద అంటం. ముందటున్నా నెత్తినున్నా గీత గీతనే గద."

"పద్ధతి పద్ధతే."

"నాలుగేండ్ల కింద నా పేపర్ల గుడ గిట్లనే కొట్టేసిన్రు సార్. గప్పుడు నోరు మూసుకున్న. ఇప్పుడు మూసుకోను. రేపు మా ఇంటికి రాండ్రి, చూపిస్త."

ఆదివారం పొద్దున ఆయన వచ్చాడు. పిల్లకు ఎదురు చెప్పలేక వచ్చాడో, రాత్రంతా ఆ గీత నిద్రపట్టనీయలేదో ఆయనకే తెలియాలి. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ప్యాంటు పైకి మడిచి మెట్ల దగ్గరికొచ్చాడు. సుభద్రమ్మ పైన ఉండిపోయింది. నలుగురు దిగారు.

మొదటి మెట్టు మీద జితేందర్‌కు నలభై మూడు, లహరికి పదకొండు. రెండో మెట్టు మీద నలభై రెండు, పది. సారు వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. మూడో మెట్టు మీద ఆయన మీసంలో తెలుపు పోయింది. నాలుగో మెట్టు మీద లహరికి ముందు పన్ను ఊడి ఉంది.

"నీ వయసెంతమ్మా?"

"ఎనిమిది" అంది లహరి, పన్ను సందులోంచి గాలి పోతుంటే.

"నాకు నలబై" అన్నాడు జితేందర్, అడగకపోయినా.

"అయిదు రెట్లు" అన్నాడు సారు నెమ్మదిగా.

సింధూజకు పద్నాలుగు. రెండు జడలు, బడి డ్రెస్సు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ రోజు ఎట్లా పట్టుకొచ్చిందో అట్లాగే ఉంది. విప్పి ఆయన ముందు పెట్టింది. ఎర్రసిరా ఇంకా మెరుస్తోంది. ఆయన తన చేతిరాత తానే చూసుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు సింధూజా?"

"అడిగిన్రా సార్?"

ఆయన జేబులోంచి పెన్ను తీసి, కొట్టివేత మీద సంతకం చేసి, పక్కన అయిదు మార్కులు వేశాడు. కాగితం జితేందర్ చేతికిచ్చి, లహరి పేపరు కూడా దిద్దుతానని చెప్పి మెట్లెక్కాడు. లహరి ఆయన వెనకే ఎక్కి పన్నెండేళ్ళదై, పన్ను తడుముకుంటూ పైన నిలబడింది.

జితేందర్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకోలేదు, కానీ తుడుచుకోవాల్సిన పని పడింది.

"రా బిడ్డా, పైకి పోదం."

"నేను రాను."

"రాకుంటెట్ల?"

"ఎక్కితే పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది. ఆ నాలుగేండ్లు నావి గావు నాయనా. మగ్గం తిన్నది. వాటిని మల్ల మీదేసుకోను."

"జిద్దు చెయ్యకు. మెట్లెక్కకుంట పైకెట్లొస్తవు?"

"నువ్వు పైకి పోయి చెయ్యియ్యి. మెట్టు తొక్కకుంట గుంజు."

తాతల నాటి నుంచి ఆ గుంతలో దిగినవాళ్ళెవరికీ ఈ మాట తట్టలేదు. మెట్లున్నాయంటే తొక్కాల్సిందేనని అందరూ అనుకున్నారు. మెట్లు కూడా అలాగే అనుకుని ఉంటాయి.

జితేందర్ నలభై నాలుగేళ్ళూ మీదేసుకుని పైకొచ్చాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఆ చీర వైపు, గుంత వైపు మార్చి మార్చి చూశాడు. సింధూజను గుంజితే మగ్గం దగ్గర తానొక్కడే మిగులుతాడు. కింద ఆమె రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. బతిమాలలేదు.

"నేసుడంటే నేనే నేస్త. అంచు ఎవరందుకుంటరమ్మా?" అన్నాడు తల్లితో.

"నేను సచ్చిన్నారా?" అంది సుభద్రమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "మీ నాయనకు ముప్పై ఏండ్లు అందుకున్న. నీకు అందుకోనా? ముందు పిల్లకు చెయ్యియ్యి."

జితేందర్ నేల మీద బోర్లా పడుకున్నాడు. భుజాల దాకా చేతులు గుంతలోకి చాపి కూతురి మణికట్లు పట్టుకున్నాడు. లహరి నాయన కాళ్ళ మీద కూర్చుంది. సింధూజ కాళ్ళు మట్టిగోడను తన్నాయి, మెట్టును మాత్రం తాకలేదు. మోచేతులు గీసుకుపోయి, డ్రెస్సు నిండా మట్టితో పైకొచ్చి కూలబడింది. ఆమెకు పద్నాలుగే. రెండు జడలూ అలాగే ఉన్నాయి.

సారుకు మతిపోయింది.

"ఇది కుదరదండీ. తండ్రీ కూతుళ్ళకు తేడా ఇరవై ఆరు ఉండాలి. ఇప్పుడు ముప్పై అవుతోంది. తేడా ఎన్నటికీ మారదని పదేళ్ళుగా నేనే పాఠం చెబుతున్నాను."

జితేందర్ లేచి చొక్కాకు అంటిన మట్టి దులుపుకున్నాడు.

"మారింది సార్. రాసుకోండ్రి."

సోమవారం తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో చివరన ఒక పేరు చేరింది. వయసు దగ్గర సారు పద్నాలుగు అని రాసి, ఒకసారి తలెత్తి చూసి, పట్టీ మూసేశాడు. ఆ రోజు పాత లెక్క ఇవ్వలేదు, కొత్తది బోర్డు మీద రాశాడు. రాయడం పూర్తయ్యాక పిల్లల వైపు తిరిగి అడిగాడు.

"ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?"

సింధూజ లేచి నిలబడింది.

"ఉన్నది సార్."